ఎఫ్‌ఎంలో మన ఊరి వార్త ఎందుకు వినపడదు? ఒక మాస్టారి ప్రశ్నకు నా జవాబు

మాస్టారూ, మీ ప్రశ్న పూర్తిగా చదివాను. మధురవాడ వైపున్న మీ కాలేజీ కమ్యూనిటీ రేడియోకి, అంటే లాభం కోసం కాకుండా స్థానికుల కోసం నడిపే చిన్న స్టేషన్‌కి, దరఖాస్తు పెట్టాలనుకుంటోంది, అందుకు ముందు మీరు మూడు సంగతులు అడిగారు. వైజాగ్ ఎఫ్‌ఎం స్టేషన్లలో పాటలూ కబుర్లూ తప్ప ఊరి వార్త ఒక్కటీ ఎందుకు వినపడదు, ప్రభుత్వం అలా ఆపడం వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధం కాదా, రేపు మీ స్టేషన్‌లో స్టీల్ ప్లాంట్ మీద చర్చ పెడితే ఏమవుతుంది. నేను ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా మొదలుపెట్టి తర్వాత ప్రైవేటు ఎఫ్‌ఎంలో ప్రోగ్రామింగ్ చూసినవాణ్ణి. లాయర్ని కాను. కానీ ఈ నిబంధనలు స్టూడియోలో ఎలా పనిచేస్తాయో దగ్గర్నుంచి చూశాను కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్‌లో ప్రభుత్వం తరఫున ఎవరో కూర్చుని మాటలు కత్తిరిస్తారని చాలామంది అనుకుంటారు. అలాంటి మనిషి ఎవరూ లేరు, సినిమాకి ఉన్నట్టు సెన్సార్ బోర్డూ లేదు. ఉన్నది ఒక ఒప్పందం. గ్రాంట్ ఆఫ్ పర్మిషన్ అగ్రిమెంట్ అంటారు, ఆఫీసుల్లో అందరూ ‘గోపా’ అనే పిలుస్తారు. స్టేషన్ పెట్టేవాడు కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖతో దాని మీద సంతకం పెడతాడు. వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేయను, ఆకాశవాణికి ఉన్న ప్రోగ్రామ్ కోడ్, అడ్వర్టైజింగ్ కోడ్ పాటిస్తాను అని అందులో ఒప్పుకుంటాడు. ఊరి వార్త ఆగిపోయేది అక్కడే, మైక్ ఆన్ కాకముందే.

ఇందులో అసలు చిక్కు ఏమిటంటే, ఈ నిషేధం పార్లమెంటు చర్చించి చేసిన చట్టంలోంచి వచ్చింది కాదు. సినిమాకి 1952 నాటి చట్టం ఉంది, కేబుల్ టీవీకి 1995 నాటి చట్టం ఉంది, పత్రికైతే రిజిస్ట్రేషన్ చేయించుకుంటే చాలు, ఫలానాది రాయొద్దు అని ఎవరూ ముందే చెప్పరు. రేడియో కంటెంట్‌కి మాత్రం విడిగా చట్టం అంటూ లేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఈ రంగం మీద ప్రత్యేక హక్కు కేంద్రానిదే అంది, దాని చోటులోకి ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది, ఆ హక్కుతో ప్రభుత్వం పర్మిషన్ ఇస్తూ తనకు కావలసిన షరతులు రాసుకుంటుంది. కాబట్టి వాక్ స్వాతంత్ర్యానికి ఏయే పరిమితులు పెట్టొచ్చో చెప్పే రాజ్యాంగంలోని 19(2) ప్రకారం ఈ మాటను ఆపడం సమంజసమా కాదా అనే ప్రశ్నే స్టూడియోలో ఎవరికీ రాదు. ‘గోపాలో ఉందా లేదా’ అన్నదొక్కటే ప్రశ్న.

దీనివల్ల తేడా ఎంత వస్తుందో చూడండి. ఒక దినపత్రిక జిల్లా పేజీలో తప్పు రాస్తే, నష్టపోయినవాడు పరువునష్టం దావా వేయాలి, నేరం అయితే పోలీసులు కేసు పెట్టాలి, చివరికి కోర్టు తేల్చాలి. అదే రేడియోలో అయితే షరతు రాసింది ప్రభుత్వమే, ఉల్లంఘన జరిగిందని తేల్చేదీ ప్రభుత్వమే, ప్రసారం ఆపమనేదీ ప్రభుత్వమే. కమ్యూనిటీ రేడియో మార్గదర్శకాల్లో మొదటి తప్పుకి ఒక నెల దాకా, రెండోదానికి మూడు నెలల దాకా పర్మిషన్ సస్పెండ్ చేయొచ్చని ఉంది, ఆ తర్వాత రద్దే. కోర్టుకి వెళ్లే హక్కు మీకు ఉంది, ఎవరూ కాదనరు. కానీ నెల రోజులు మూతపడితే స్పాన్సర్ వెళ్లిపోతాడు, మనుషులు వెళ్లిపోతారు, చిన్న స్టేషన్ మళ్లీ లేవదు. ఆ భయం వల్ల నిబంధన ఎక్కడ ఆగిందో దానికి చాలా ముందే స్టేషన్ ఆగిపోతుంది. నా అనుభవంలో రేడియోలో వాక్ స్వాతంత్ర్యానికి జరిగే నష్టం ఎక్కువగా ఇలాగే జరుగుతుంది. ఫలానా మాట అన్నందుకు శిక్ష పడ్డ సందర్భాలకంటే, ఎందుకొచ్చిన గొడవ అని అనకుండా వదిలేసిన సందర్భాలు చాలా ఎక్కువ.

ప్రోగ్రామ్ కోడ్ సంగతి కూడా చెప్పాలి. మిత్రదేశాల మీద విమర్శ, మతాల మీద, కులాల మీద దాడి, అశ్లీలం, పరువునష్టం, హింసకు రెచ్చగొట్టడం, కోర్టు ధిక్కారం, దేశ సమగ్రతకు భంగం కలిగించే మాట ఉండకూడదు అంటుంది. ఇంతవరకు 19(2)కి దగ్గరగానే ఉంది, నాకు పెద్దగా అభ్యంతరం లేదు. కానీ అంతటితో ఆగదు. రాజకీయ పార్టీని పేరు పెట్టి దాడి చేయకూడదు, వ్యక్తిని పేరు పెట్టి విమర్శించకూడదు, రాష్ట్ర ప్రభుత్వం మీద గానీ కేంద్రం మీద గానీ శత్రుభావంతో విమర్శ చేయకూడదు అని కూడా ఉంది. పేరు పెట్టి విమర్శించకుండా ఒక కార్పొరేటర్ని రోడ్డు గురించి ఎలా అడుగుతారు? ప్రభుత్వాన్ని విమర్శించడం నేరమని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 1950లోనే రొమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు, ప్రజాస్వామ్యంలో రాజకీయ చర్చ ఎంత ముఖ్యమో చెప్పి పత్రిక మీద పెట్టిన ఆంక్షను కొట్టేసింది. ఆకాశవాణి ప్రభుత్వ సంస్థగా ఉన్న రోజుల్లో తన మనుషుల కోసం రాసుకున్న కోడ్ అది. దాన్ని తెచ్చి ప్రైవేటు స్టేషన్లకీ, చివరికి మీ కాలేజీకీ తగిలించారు.

నేను పనిచేసిన ఒక స్టేషన్‌లో ఉదయం షోకి గాజువాక నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. పాట అడుగుతూనే, తమ వీధిలో వారం రోజులుగా నీళ్లు రావట్లేదని, ట్యాంకర్ కోసం తెల్లవారుజామునే లేవాల్సి వస్తోందని చెప్పారు. ఎవర్నీ తిట్టలేదు, ఏ పార్టీ పేరూ ఎత్తలేదు. సాధారణంగా కాల్స్ రికార్డు చేసి, ఎడిట్ చేసి ఎక్కిస్తాం కదా, పైవాళ్లు విని ఆ భాగం తీసేయమన్నారు. పాట ఉంచారు, నీళ్ల మాట పోయింది. వాళ్లు చెప్పిన కారణం ఏమిటంటే, కరెంటు, నీటి సరఫరా వంటి పౌర సదుపాయాల ప్రకటనలు స్థానిక యంత్రాంగం ఇచ్చినవైతేనే వార్త కిందకి రావని ఉంది, ఈవిడ ఇచ్చింది యంత్రాంగం ఇచ్చింది కాదు కదా అని. అక్షరాల ప్రకారం చూస్తే వాళ్ల వాదన తప్పు అనలేను. నీళ్లు వస్తాయని కార్పొరేషన్ చెప్పొచ్చు, రాలేదని ఆ వీధి మనిషి చెప్పకూడదు. ఇంకేం చెప్పినా చెప్పకపోయినా, నిబంధన మారాలి అనడానికి నాకు ఈ ఒక్క కాల్ చాలు.

ప్రైవేటు ఎఫ్‌ఎంల కోసం 2011లో తెచ్చిన మూడో దశ (ఫేజ్ 3) విధానంలో కొంత వెసులుబాటు వచ్చిన మాట నిజమే. ఆకాశవాణి బులెటిన్‌ని ఒక్క మాట మార్చకుండా అలాగే ప్రసారం చేసుకోవచ్చు అన్నారు. ఆటల సమాచారం (లైవ్ ప్రసారం కాకుండా), ట్రాఫిక్, వాతావరణం, పండగలూ సాంస్కృతిక కార్యక్రమాలూ, పరీక్షలు, అడ్మిషన్లు, ఉద్యోగావకాశాలు, ప్రకృతి విపత్తుల హెచ్చరికలు, ఆరోగ్య హెచ్చరికలు వార్తలు కావు అన్నారు. మన ఊరి సంగతిలో పెట్టి చూడండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు, ఇంట్లో బ్యాటరీ రేడియో ఉంటే అదొక్కటే బయటి ప్రపంచంతో సంబంధం. అలాంటి రోజున కలెక్టరేట్ ఇచ్చిన హెచ్చరిక చదవొచ్చు. ఎంవీపీ కాలనీలో చెట్లు ఎక్కడ పడ్డాయి, పాలు ఏ రేటుకి అమ్ముతున్నారు, సహాయం ఏ వీధికి అందలేదు అని జనం చెప్పేది వినిపిస్తే నిబంధన దాటినట్టే. అలాగే 2020 మే 7న తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కంపెనీ నుంచి స్టైరీన్ అనే రసాయన ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ ఉదయం ఆరోగ్య హెచ్చరిక చదవడానికి అడ్డు లేదు. కంపెనీకి అనుమతులు ఉన్నాయా, బాధ్యులెవరు, ఆ ఊరివాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు అన్నది మాత్రం వర్తమాన వ్యవహారం, రేడియోకి కుదరదు. ఆ సమయంలో వాట్సాప్‌లో నిజమూ అబద్ధమూ కలిసి తిరిగాయి. తెలిసిన గొంతు, బాధ్యత ఉన్న గొంతు మాత్రం మాట్లాడకూడదు. ఇదేం భద్రతో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఇక మీ రెండో ప్రశ్న, ఇది వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమా అన్నది. నా జవాబు విరుద్ధమే అని. కానీ ఇంటర్నెట్‌లో కనిపించినట్టు ‘గాలి అందరిదీ, కాబట్టి ఎవరేమైనా మాట్లాడొచ్చు’ అన్నంత తేలిగ్గా కాదు. దీని మీద అసలైన తీర్పు 1995 ఫిబ్రవరి 9న వచ్చింది. 1993లో హీరో కప్ క్రికెట్ ప్రసార హక్కుల మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్రానికీ జరిగిన గొడవ అది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు మన తెలుగువారు, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. రేడియో, టీవీ ప్రసారాలు నడిచే తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఈ మాట అందరికీ తెలుసు. దాని తర్వాతి భాగం మాత్రం ఎవరికి అనుకూలమైన ముక్క వాళ్లు చదువుతారు. తరంగాలు ప్రభుత్వం గుత్త సొత్తు కాదని చెప్తూనే, ప్రైవేటు వ్యక్తికి సొంత ప్రసార కేంద్రం పెట్టుకునే హక్కు వాక్ స్వాతంత్ర్యంలో భాగం కాదని కూడా జీవన్ రెడ్డి గారు రాశారు. ప్రసార మాధ్యమం ప్రజల అదుపులో ఉండాలి, ప్రభుత్వ అదుపు వేరు ప్రజల అదుపు వేరు అని స్పష్టంగా తేడా చూపించారు. సమాజంలో అన్ని వర్గాలకూ ప్రాతినిధ్యం ఉండే స్వతంత్ర సంస్థ ఒకటి పెట్టి తరంగాల వాడకాన్ని దానికి అప్పగించమని కోర్టు కేంద్రాన్ని ఆదేశించింది.

ఆ సంస్థ ఇప్పటిదాకా రాలేదు. ప్రసార భారతి చట్టం 1990లో చేసి 1997లో అమల్లోకి తెచ్చారు గానీ అది ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడపడానికి, ప్రైవేటు స్టేషన్లకు తీర్పరిగా ఉండడానికి కాదు. 2023 నవంబర్‌లో బ్రాడ్‌కాస్టింగ్ బిల్లు ముసాయిదా పెట్టారు, 2024లో సవరించిన ప్రతిని కొందరికి ఇచ్చి, గొడవ అయ్యాక వెనక్కి తీసుకున్నారు. అంటే తరంగాలు ప్రజలవి అన్నంతవరకు తీర్పు అమలైంది, వేలం వేసి డబ్బు తీసుకుంటున్నారు. ఎవరు అదుపు చేయాలి అన్న సగం మాత్రం మూడు దశాబ్దాలుగా అలాగే పడి ఉంది. నా కోపమంతా దీని మీదే.

వార్తల నిషేధాన్ని 2013లో కామన్ కాజ్ అనే సంస్థ సుప్రీంకోర్టులో సవాలు చేసింది. కేంద్రం చెప్పిన జవాబు భద్రత. ఇన్ని స్టేషన్లలో ఏం చెప్తున్నారో గమనించే ఏర్పాటు లేదు, చిన్న సంస్థలు నడిపే స్టేషన్లను దేశవ్యతిరేక శక్తులు వాడుకోవచ్చు అని. ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. 1994లో రువాండాలో ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో టుట్సీ తెగవాళ్లను చంపమని జనాన్ని ఎగదోసింది, ఆ మారణహోమంలో సుమారు 8 లక్షల మంది పోయారు, 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ రేడియో వెనకున్న వాళ్లను దోషులుగా తేల్చింది. రేడియో గొంతు మనిషిని ఎంత దూరం తీసుకెళ్లగలదో తెలిసినవాడెవడూ అసలు అదుపే వద్దు అనలేడు. కానీ ఆ కథలో మరో భాగం ఉంది. ఆర్‌టీఎల్‌ఎం దొంగచాటు రేడియో కాదు, అధికారంలో ఉన్నవాళ్లకు దగ్గరి మనుషులు నడిపింది. అక్కడ కొరవడింది ప్రభుత్వ అదుపు కాదు, ప్రభుత్వంతో సంబంధం లేని అదుపు. నేపాల్‌ది ఇంకో కథ. 1997లో మొదలైన రేడియో సాగర్‌మాథాతో అక్కడ కమ్యూనిటీ రేడియో వచ్చింది, వార్తలు కూడా చెప్పేది. 2005 ఫిబ్రవరి 1న రాజు అధికారం చేజిక్కించుకున్న వెంటనే ఆపేసిన వాటిలో ఎఫ్‌ఎం వార్తలు ఒకటి. శ్రీలంకలో ప్రైవేటు ఎఫ్‌ఎంలు ఎప్పటినుంచో వార్తలు చెప్తున్నాయి. ఈ చిన్న దేశాలు మోయగలిగిన బరువు మనం మోయలేమా?

పైగా ఈ భద్రత వాదన ఎక్కడ వర్తిస్తోందో చూడండి. మిర్చి వెనక ఉన్నది టైమ్స్ గ్రూపు, రేడియో సిటీ వెనక జాగ్రణ్ గ్రూపు. రెండూ పత్రికలు అమ్మేవే. అదే యజమాని అదే వార్తని పొద్దున్న పేపర్లో అచ్చు వేయొచ్చు, వెబ్‌సైట్లో పెట్టొచ్చు, యూట్యూబ్‌లో చదివించొచ్చు, ఎఫ్‌ఎంలో చెప్పకూడదు. ఫోన్ ఉన్న కుర్రాడు బీచ్ రోడ్డు మీద నిలబడి ‘వైజాగ్ న్యూస్’ అని ఛానెల్ పెట్టేయొచ్చు. చదువు రాని మనిషి, డేటా లేని మనిషి, ఆటో డ్రైవరు, పడవ మీద ఉన్న జాలరి, వీళ్లకి చేరే మాధ్యమానికే మూత.

టెలికం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ సంగతి ఒప్పుకుంది. ప్రైవేటు ఎఫ్‌ఎంలకు గంటకి 10 నిమిషాలు మించకుండా వార్తలు చెప్పుకునే అవకాశం ఇవ్వమని 2023 సెప్టెంబర్‌లో సిఫారసు చేసింది. సిఫారసు అంటే అనుమతి కాదు సుమా. మంత్రిత్వ శాఖ ఉత్తర్వు చూసేదాకా నిషేధం ఉన్నట్టే లెక్క. 2024 ఆగస్టులో కేబినెట్ 234 కొత్త ఊళ్లలో 730 ఎఫ్‌ఎం ఛానెళ్ల వేలానికి ఆమోదం ఇచ్చింది, మన పక్కనున్న విజయనగరం, శ్రీకాకుళం, కాకినాడ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అంత చిన్న ఊళ్లలో సినిమా పాటల మీదే స్టేషన్ బతకడం కష్టం, పాటలు ఫోన్లోనే దొరుకుతున్నాయి. అక్కడి జనం రేడియో పెట్టేది తమ ఊరి మాట వినడానికే. ఆ మాటే వద్దంటే ఇంక అక్కడ రేడియో ఎందుకు?

పాటల మీద కూడా ఒత్తిడి లేకపోలేదు. 2022 చివర్లో మంత్రిత్వ శాఖ ఎఫ్‌ఎం స్టేషన్లకు ఒక అడ్వయిజరీ పంపింది, మద్యం, డ్రగ్స్, ఆయుధాలు, గ్యాంగ్‌స్టర్ సంస్కృతిని గొప్పగా చూపే పాటలు వేయొద్దని. ఉద్దేశం చెడ్డదని నేను అనను. కానీ ఏ పాట తాగుడిని గొప్పగా చెప్తోంది, ఏది తాగి బతుకు పాడైన మనిషి బాధ చెప్తోంది అని తేల్చేదెవరు? ఇలాంటి కాగితం వచ్చాక ఏ ప్రోగ్రామింగ్ హెడ్ అయినా చేసేది ఒకటే, అనుమానం ఉన్న పాటలన్నీ ప్లేలిస్టులోంచి తీసేయడం. ఈ దేశంలో ఇది కొత్త కాదు. 1952లో మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణిలో సినిమా పాటలు ఆగిపోతే జనం రేడియో సిలోన్ వైపు వెళ్లిపోయారు, తెలుగిళ్లలో కూడా సిలోన్ కార్యక్రమాల కోసం ముల్లు తిప్పుకుంటూ కూర్చున్నారు, చివరికి 1957లో వివిధ భారతి పెట్టాల్సి వచ్చింది. ఎమర్జెన్సీలో ప్రభుత్వ ప్రచారానికి రానన్నందుకు కిశోర్ కుమార్ పాటలే ఆకాశవాణిలో వినపడకుండా చేశారు.

ఆకాశవాణి అంటే నాకు ప్రాణం. 1963 నుంచి ఉన్న మన విశాఖ కేంద్రం ఉత్తరాంధ్ర యాసకి, జానపదానికి, రైతులకి చేసిన మేలు ఎవరూ కాదనలేరు. అందుకే ఈ సంగతి చెప్పడానికి బాధగా ఉంది. 2024 ఎన్నికలప్పుడు దూరదర్శన్, ఆకాశవాణిల్లో పార్టీలకు ఇచ్చే ప్రసార సమయంలో మాట్లాడటానికి వెళ్లిన సీపీఎం నేత సీతారాం ఏచూరి గారి ప్రసంగంలో, ‘మతతత్వ నిరంకుశ పాలన’ అనే అర్థం వచ్చే మాట, ‘క్రూర చట్టాలు’ అనే అర్థం వచ్చే మాట తీసేయమన్నారు, ‘దివాళా’ అన్నచోట ‘వైఫల్యం’ అని మార్చమన్నారు. ఎన్నికల సంఘం మార్గదర్శకాల ప్రకారమే అడిగామని ప్రసార భారతి వైపు నుంచి వివరణ. ఆయన చెప్పినదాని ప్రకారం అదే ప్రసంగం హిందీ ప్రతికి ఏ అభ్యంతరమూ చెప్పలేదు. ఒక జాతీయ పార్టీ ప్రధాన కార్యదర్శి, ఎన్నికల సమయంలో, తనకు కేటాయించిన నిమిషాల్లో ప్రభుత్వాన్ని ఎలా విమర్శించాలో ప్రభుత్వ మాధ్యమం చెప్పింది. ఆ పార్టీ మీకు నచ్చినా నచ్చకపోయినా, రేపు ఏ పార్టీకైనా జరిగేది ఇదే.

ఇంకో రకం అదుపు కాగితం మీద కనపడదు, ప్రకటనలు. చిన్న స్టేషన్‌కి ప్రభుత్వ ప్రకటనలు పెద్ద ఆదాయం. కమ్యూనిటీ రేడియోకి ఇప్పుడు గంటకి 12 నిమిషాలు ప్రకటనలు వేసుకోవచ్చు, ప్రభుత్వ ప్రకటన రేటు 2024లో 10 సెకన్లకి 74 రూపాయలు చేశారు. మంచిదే. కానీ ఇచ్చే చెయ్యి ఒక్కటే అయితే ఆ చెయ్యి మీద మాట్లాడటానికి నోరు రాదు. మీరు ఊళ్లో చిన్న చిన్న ప్రకటనలు, టిఫిన్ సెంటర్ దగ్గర్నుంచి కోచింగ్ సెంటర్ దాకా, మొదటిరోజు నుంచే సంపాదించుకోండి.

ఇప్పుడు స్టీల్ ప్లాంట్. 2021 జనవరి 27న కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటినుంచి కూర్మన్నపాలెంలో దీక్షలు, తర్వాత 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ, ఇదంతా వర్తమాన వ్యవహారమే. ‘ప్రైవేటుకి ఇవ్వాలా వద్దా’ అని యూనియన్ నాయకుణ్ణీ, ఎంపీనీ కూర్చోబెట్టి చర్చ పెడితే కమ్యూనిటీ రేడియో షరతుకి విరుద్ధం. వార్తలు, వర్తమాన వ్యవహారాలు, రాజకీయ స్వభావం ఉన్నవి అని స్పష్టంగా రాసి ఉంది. ఇది అన్యాయమని నాకు తెలుసు, అయినా కొత్త పర్మిషన్‌తో దాని మీదకి దూకమని మీకు చెప్పను. మూతపడ్డ స్టేషన్ ఎవరికీ ఉపయోగపడదు.

కానీ చేయగలిగింది చాలా ఉంది, చాలామంది చేయరు. ప్లాంట్ కోసం 1966లో ఉద్యమం ఎలా నడిచిందో చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయండి. భూములిచ్చిన నిర్వాసితుల కుటుంబాలు ఉన్నాయి, వాళ్లకిచ్చిన ఆర్ కార్డు (పునరావాస కార్డు) అంటే ఏమిటో, ఊరు ఖాళీ చేసిన రోజు ఎలా ఉందో చెప్పించండి. బ్లాస్ట్ ఫర్నేస్ ఎలా పనిచేస్తుందో రిటైరైన కార్మికుడి నోటితో చెప్పించండి. ఇది చరిత్ర, సంస్కృతి, విద్య. ఎవరూ వేలు పెట్టలేరు, వినేవాడు మిగతాది తనే ఆలోచించుకుంటాడు. ఒక సాంకేతిక సంగతి కూడా ఉంది. మీ ట్రాన్స్‌మిటర్ శక్తికి పరిమితి 100 వాట్ల ఈఆర్‌పీ (యాంటెన్నా నుంచి బయటికి వెళ్లే శక్తి), యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు. మధురవాడ నుంచి సింహాచలం కొండలు దాటి కూర్మన్నపాలెం దాకా వెళ్తుందని ఆశ పెట్టుకోవద్దు. మీ శ్రోతలు రుషికొండ, మంగమారిపేట, భీమిలి వైపు వాళ్లు. కాబట్టి వాళ్ల సంగతి ముందు చూడండి.

ఉదాహరణకి సముద్రంలో చేపల వేట నిషేధం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. ఎందుకు పెడతారు, చేప గుడ్లు పెట్టే కాలం అంటే ఏమిటి, భృతికి దరఖాస్తు ఎలా, ఏ కాగితాలు కావాలి, ఇవన్నీ నిశ్చింతగా చెప్పొచ్చు. ‘మా పేటలో ఇంకా డబ్బు పడలేదు’ అని జాలరి అన్నది పెట్టాలంటే, మత్స్యశాఖ అధికారిని అదే కార్యక్రమంలో కూర్చోబెట్టి, సందేహాలు–సమాధానాలు అని నడపండి. అధికారి జవాబు ఉన్నప్పుడు అది పథకం గురించి సమాచార కార్యక్రమం అవుతుంది, ఫిర్యాదు దానంతటదే బయటికొస్తుంది, పని కూడా జరుగుతుంది. నీళ్లు, చెత్త, వీధి దీపాలకి కూడా ఇదే దారి. పేర్లు, పార్టీలు అక్కర్లేదు, వార్డు నంబరు చాలు.

ఆకాశవాణి వార్తలను కమ్యూనిటీ రేడియోలు ఉన్నదున్నట్టుగా గానీ స్థానిక మాండలికంలోకి మార్చి గానీ వినిపించుకోవచ్చు. అర్థం మారకుండా చూసుకునే బాధ్యత మాత్రం మీదే. మన యాసలో వార్తలు వింటే ముసలివాళ్లు ఎలా చెవి ఒగ్గుతారో మీరే చూస్తారు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంగం రేడియో 2008 నుంచి నడుస్తోంది, దళిత మహిళలే నడుపుతారు, విత్తనం, వంట, పాట, వైద్యం అన్నీ వాళ్ల మాటల్లోనే. దరఖాస్తు పెట్టేముందు మీ పిల్లల్ని తీసుకుని ఒకసారి అక్కడికి వెళ్లి రండి.

దరఖాస్తు బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్లో. విద్యాసంస్థగా మీకు అర్హత ఉంది, వ్యక్తులకీ పార్టీలకీ లాభం కోసం నడిచే కంపెనీలకీ లేదు. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలి. ప్రసారం చేసిన ప్రతిదీ మూడు నెలలు భద్రపరచాలి. దీన్ని భారంగా చూడకండి, రేపు ఎవరైనా మీరు అనని మాట అన్నారని ఫిర్యాదు చేస్తే మీకు రక్ష ఆ రికార్డింగే, కాబట్టి రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టుకోండి. మొదటి ఏడాది ఫోన్ కాల్స్ లైవ్‌గా ఎక్కించకండి, రికార్డు చేసి విని వేయండి. కంటెంట్ కమిటీలో కాలేజీ మేనేజ్‌మెంట్ వాళ్లనే నింపకండి, పేటల్లోని ఆడవాళ్లనీ, ఒక లాయర్నీ వేసుకోండి. ఎవరైనా ఏదైనా తీసేయమంటే నోటిమాటగా ఒప్పుకోవద్దు, ఏ నిబంధన ప్రకారమో మర్యాదగా రాసివ్వమని అడగండి. 2023 ఏప్రిల్‌లో మీడియావన్ టీవీ కేసులో సుప్రీంకోర్టు, జాతీయ భద్రత అనే మాటను ఆధారం లేకుండా వాడి ప్రసారాన్ని ఆపలేరని చెప్పింది. అది టీవీ తీర్పే, అయినా పర్మిషన్లతో బతికే మనలాంటివాళ్లకీ పనికొస్తుంది.

ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో ఒకటి గుర్తుపెట్టుకోండి. రాజకీయ ప్రకటనలు మీ స్టేషన్‌లో వద్దే వద్దు, ఎవరు ఎంత బలవంతపెట్టినా. ప్రైవేటు ఎఫ్‌ఎంలకైనా ఎంసీఎంసీ (ఎన్నికల ప్రకటనలను పరిశీలించే కమిటీ) ముందస్తు సర్టిఫికెట్ లేకుండా కుదరదు. ఓటు ఎలా వేయాలి, జాబితాలో పేరు ఎలా చూసుకోవాలి అన్నవి మాత్రం ధైర్యంగా రోజూ వేయండి. దరఖాస్తు నింపేటప్పుడు ఎక్కడైనా ఆగితే ఆ కాలమ్ ఇక్కడే అడగండి, చూసి చెప్తాను.